రెండో రిమోట్

ఫోను ఛార్జింగుకు పెట్టి మరిచిపోయి వంటపనిలో పడిపోయిన రోజున, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన సన్నగా ఇల్లంతా పరుచుకుంటుంది. అది తగిలినప్పుడల్లా నాకు చిత్తూరులో మా పాత ఇంటి నడవ, ఎండ పడకుండా కట్టిన గోనెపట్టా, దాని చాటున చిన్న టీవీ, టీవీ వెనక కాగిపోతూ గుయ్యిమనే నల్లటి అడాప్టరు గుర్తుకొస్తాయి. వాటితోపాటు మా తమ్ముడు గిరి మీద నాకుండిన కుళ్లు కూడా నిన్నమొన్నటిదాని మాదిరి పైకి లేస్తుంది.

ఆ ఎండాకాలం వాడికి పదేళ్లు, నాకు పదమూడు. మా నాయన మామిడికాయల లోడుతో లారీ తోలుకుని మద్రాసు పోయి వచ్చేవాడు. ఇంటి ముందు ఆపిన ఖాళీ లారీ మీదికెక్కి, అక్కణ్ణుంచి దూకి, గిరి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చారు. వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు సొన కలిసిన ఆ కట్టు వాసన నడవంతా నిండిపోయి ఉంటే, వాడు దిండ్లకానుకుని పెళ్లికొడుకు మాదిరి కూర్చునేవాడు. అమ్మ వాడి సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసేది. నా ముద్దకు చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి చాలనేది. మేము ఎన్నాళ్లు అడిగినా వినిపించుకోని నాయన, తరువాతి లోడుకు పోయినప్పుడు టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె తెచ్చి వాడి ఒళ్లో పెట్టాడు.

"కాలు బాగయ్యేదాకా ఆడుకో నాయనా" అని వాడి తల నిమిరి, నా వైపు తిరిగి, "నువ్వు వానికి తోడుగా కూసో మే" అన్నాడు.

మరుసటి రోజు నేనూ పిట్టగోడ ఎక్కి దూకాను. మోచెయ్యి గీసుకుపోయిందే తప్ప ఏమీ విరగలేదు. అమ్మ పసుపు అద్ది, వీపు మీద రెండు తగిలించింది.

ఆ పెట్టెతో వచ్చిన ఆటల్లో గిరికి నచ్చింది ఇద్దరు మల్లులు కొట్టుకునే ఆట ఒక్కటే. మీటలున్న పలకల్ని మేము రిమోట్లనేవాళ్లం. మొదటిది ఎప్పుడూ వాడిదే. కింద, మూల, ముందు అని బొటనవేలు ఒక్క జారుడులో తిప్పి, అదే ఊపులో గుద్దు నొక్కితే మల్లుడి చేతుల్లోంచి నిప్పుబంతి వచ్చేది. అది వీధిలో అందరికీ వచ్చు. గిరి దానితో ఆగలేదు. తన్నిన కాలు వెనక్కి రాకముందే నిప్పుబంతి వదిలి ఎదుటివాడికి ఊపిరాడకుండా చెయ్యాలని, కిందపడినవాడు లేచీ లేవంగానే మళ్లీ అందుకోవాలని పొద్దస్తమానం సాధన చేసేవాడు. ఎదుటివాణ్ణి ఊరికే నిలబెట్టాలంటే రెండో రిమోట్ నేల మీద పడేసినా సరిపోయేది. కానీ వాడికి చెప్పినప్పుడు లేచేవాళ్లు, చెప్పినప్పుడు ఎగిరేవాళ్లు, చెప్పినప్పుడు కాచుకునేవాళ్లు కావాలి. అది నేను.

"ఇప్పుడు ఎగురక్కా. ఆఁ, ఇప్పుడు కాచుకో. తిరిగి కొట్టాకు!"

తోతాపురి ముక్కలకు ఉప్పూకారం అద్దుకు తింటూ ఆడేవాళ్లం గనక మీటలన్నీ వేళ్లకు అతుక్కునేవి. నా మల్లుడు పడేవాడు, లేచేవాడు, మళ్లీ పడేవాడు. సాయంత్రమయితే వీధి పిల్లలంతా గోనెపట్టా పైకెత్తి లోపలికొచ్చి గిరి చుట్టూ మూగేవాళ్లు. "ఎట్ల కొట్టినావురా!" అని వాళ్లు నోళ్లు తెరిస్తే నాకు కడుపు మండిపోయేది. వాడి వేళ్లు చూసి కుళ్లు, వాడి కట్టు చూసి కుళ్లు, నాయన లారీ దిగంగానే ముందు వాడి దగ్గరికే పోతాడని కుళ్లు.

గంగజాతర నాడు ఇంటినిండా చుట్టాలు. గడపలకు వేపమండలు, వాకిట్లో అంబలి కుండ, నంజుకునేదానికి ఎర్రగడ్డలు, దూరంగా పంబల మోత. మధ్యాహ్నం నడవలో పిల్లలు ఒకరి తరువాత ఒకరు గిరి చేతిలో ఓడిపోయారు. పక్కింటి టైలరు కొడుకు బాషా చివరగా ఓడి లేచాడు.

"ఇంగెవురుండారు?" అన్నాడు గిరి.

"నేనుండాను" అన్నాను.

అందరూ నవ్వారు. "నీకు కొట్టేది యాడొచ్చక్కా?" అన్నాడు వాడు.

నిజమే, కొట్టేది నాకు పెద్దగా రాదు. కానీ వాడి ప్రతి దెబ్బా నేను తిన్నదే. నిప్పుబంతి వదలబోయే ముందు వాడు కింది పెదవి కొరుక్కుంటాడని తెలుసు. వాడి మల్లుడు ఎగిరి దిగి కాలు ఆనించిన ఆ రెప్పపాటులో ఏమీ చెయ్యలేడని తెలుసు. కాచుకుని, కాచుకుని, వాడు దిగినప్పుడల్లా పట్టి విసిరేశాను. రెండు ఆటలూ నావే. పిల్లలు కేకలేశారు. బాషా "సుజాతక్కా!" అని ఎగిరాడు. వంటింట్లోంచి వచ్చిన నాయన నా భుజం తట్టి, "నా కూతురే" అన్నాడు. ఆ పూట అంబలి పాయసం మాదిరి దిగింది గొంతులో.

మరుసటి పొద్దున నేను పోయేసరికి రెండో రిమోట్ బాషా చేతిలో ఉంది.

"అది నా జాగా" అన్నాను.

గిరి టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నువ్వు తిరిగి కొడతావక్కా. నాకు కొట్టనోడు కావల్ల" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఊరగాయ ముక్కలు తుడవమని అమ్మ పిలిచింది. ఆవపిండి ఘాటుకు కళ్లు మండుతుంటే, గోనెపట్టా అవతల నుంచి "ఎగురు బాషా, కాచుకో బాషా" అని వినబడుతూనే ఉంది. గిరి కట్టు మీద, వేళ్ల మీద ఉన్న కుళ్లంతా ఏమయిందో తెలీదు. పట్టా సందులోంచి, దెబ్బలు తింటూ నవ్వుతున్న ఆ బాషాను చూస్తే మాత్రం ఏడుపొచ్చింది. కట్టు విప్పేదాకా గిరి నన్ను మళ్లీ పిలవలేదు. కట్టు విప్పినాక వీధిలోకి పరిగెత్తాడు.

మొన్న ఆదివారం గిరి తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని, ఇద్దరు పిల్లల తండ్రి, ముందు జుట్టంతా పలచబడింది. మా అబ్బాయి కంప్యూటర్లో కొత్త కొట్లాట ఆట తెరిచి చూపించాడు. ఇప్పుడు ఆటలోనే సాధనకని వేరే చోటుంది. ఎదుటివాడు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కాచుకోవాలో ముందే పెట్టేస్తే, ఎంతసేపు కొట్టినా విసుక్కోకుండా అట్లాగే చేస్తూ ఉంటాడు.

"ఇంగ ఎవురినీ బతిమాలే పన్లేదక్కా" అన్నాడు వాడు సంబరంగా.

చిత్తూరులో ఆ ఇల్లు పడగొట్టేశారు. బాషావాళ్లు ఎటు పోయారో తెలీదు. ఒకే చాప మీద మోకాళ్లు తగిలేలా కూర్చుంటే తప్ప ఆడలేని ఆటలు కూడా పోయినట్టున్నాయి. గిరి పెదవి కొరుక్కుని కొడుతున్నాడు. వాడెట్లా చెబితే అట్లా లేచి పడుతున్న, పేరూ ఊరూ లేని ఆ బొమ్మను చూస్తూ వెనక నిలబడి ఉంటే, దాని మీద నాకు కుళ్లు పుట్టింది.