అమ్మ ఫ్రీగానే ఉంది

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగగానే ఎవరో ఒకరు చేతిలో కోచింగ్ సెంటర్ కాగితం కుక్కుతారు. ఇంకా ఆరని అచ్చుసిరా వాసన, దాని మీద కొట్టొచ్చినట్టు ‘ఫ్రీ డెమో’ అని. చదవకుండానే నలిపి పారేస్తాను. పంచే పిల్లల మీద నాకేం కోపం లేదు, ఆ ‘ఫ్రీ’ అన్న మాటంటేనే ఒళ్లుమంట.

మా చిన్నప్పుడు పంజగుట్ట గల్లీలో ఒకే వాకిలి చుట్టూ ఆరు కుటుంబాలం అద్దెకుండేవాళ్లం. బతుకమ్మ రోజులొచ్చాయంటే తంగేడు, గునుగు పూల పచ్చివాసన, మలీద ముద్దల కోసం కరుగుతున్న బెల్లం, కాగుతున్న నెయ్యి, వాటి మధ్యన అమ్మ కుట్టుమిషన్ నూనె వాసన కలగలిసిపోయేవి. మేం పిల్లలం గుడ్డపీలికలు ఏరుకుని బొమ్మలకు చీరలు కడుతూ ఆ మిషన్ కాళ్ల దగ్గరే పొర్లేవాళ్లం. ఆ వాకిట్లో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకు ఎన్ని అర్థాలో! “చంకల జర ఫ్రీగ కుట్టు” అంటే వదులుగా అని. “మనం మనం ఫ్రీ కదా” అంటే చనువని. నాన్న “నువ్వింట్ల ఫ్రీయే కదా” అంటే, తెల్లారకముందే లేచిన మనిషికి పనేం లేదని. ఎవరు ఏ అర్థంలో వాడినా కుట్టేది అమ్మే, పైసా తీసుకోకుండా.

అందరిలోకీ ఘనురాలు ఎదురింటి విజయ ఆంటీ. ఆమె తెచ్చే మలీద ముద్దల డబ్బా కింద ఎప్పుడూ ఒక జాకెట్ ముక్క ఉండేది. ఒక ఏడు బతుకమ్మలప్పుడు ఎర్రమంజిల్‌లో బడి యూనిఫాంలు కుట్టే చోట ఆడవాళ్లను పనిలోకి తీసుకుంటున్నారని తెలిసి, అమ్మ వెళ్లి అడిగి వచ్చింది. శనివారం పదకొండింటికల్లా రావాలి, ఆలస్యమైతే తీసుకోబోమన్నారట. అమ్మ ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేసుకుంది, తను కుట్టిన గౌను ఒకటి సంచిలో పెట్టుకుంది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పదింటికి నేను గడప ముందు అచ్చనగండ్లు ఆడుతుంటే విజయ ఆంటీ వచ్చింది.

“మీ అమ్మ ఫ్రీగున్నదా బిడ్డా?” అంటూ డబ్బా మూత తీసి చూపించింది.

అమ్మ లోపల జడ వేసుకుంటోందని నాకు తెలుసు, ఎక్కడికి వెళ్తోందో కూడా తెలుసు.

“ఆఁ, ఫ్రీగనే ఉంది ఆంటీ” అన్నాను.

మధ్యాహ్నం దాకా మిషన్ ఆగలేదు. నేను నాలుగు ముద్దలు తిన్నాను. ఆ ఉద్యోగం వేరెవరికో పోయింది, అమ్మకు మళ్లీ అలాంటిది దొరకలేదు.

ఏళ్ల తరబడి విజయ ఆంటీని కడుపునిండా అసహ్యించుకున్నాను. నా మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, అమ్మ వినలేదనే అనుకున్నాను. ఇప్పుడా వాకిలి లేదు, ఐదంతస్తుల లేడీస్ హాస్టల్ లేచింది. గునుగు పూలు పాలిథిన్ కవర్లలో అమ్ముతున్నారు. మొన్న ఉండబట్టలేక అమ్మను నిలదీశాను, ఆ రోజు పనుందని ఆంటీ ముఖం మీదే ఎందుకు చెప్పలేదని.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

“చెప్దామనే గడప దాకా వచ్చిన. అంతల్నే నువ్వు ఫ్రీగనే ఉందంటివి. పరాయిదాని ముందట నా బిడ్డ అబద్ధమాడిందని నేనెట్ల అనాల్నే?”