బోణీ కాని గంప

నాది మంచి చెయ్యి అని నమ్మే మనిషి లోకంలో ఒక్కర్తే, మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ. ఉప్పలగుప్తం వైపు నుంచి ఆటోలో వచ్చి ఏడింటికల్లా మా గుమ్మం ముందు నిలబడేది. తల మీది గంప నేనో చెయ్యి వేసి దింపాలి, మొదటి వాటా నేను కొనాలి. ఆ తరవాతే మిగతా ఇళ్ళు.

డీజిలు మీద అమ్మకం పన్ను పెరిగిన మర్నాడే, వంద రూపాయల రొయ్యల వాటా నూట ఇరవై అంది.

"రొయ్యల మీద పన్నెక్కడిదమ్మా?"

"రొయ్యల మీద లేదండీ. ఆటోవోళ్ళు చార్జీ పెంచేసేరండి. గంపకి వేరేగా అడుగుతున్నారు. ఐసు కూడా పెరిగిందండి."

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? పెరిగిందెంత, గంపలో వాటాలెన్ని అని వీధంతా వినేలా భాగారం చేసి చూపించాను. వాటాకి నాలుగు రూపాయలు పడేచోట ఇరవై ఎందుకన్నాను. సగం సరుకు అమ్ముడుపోక పారబోసే రోజులు నా లెక్కలో లేవు. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకొచ్చి విన్నారు. గెలిచానని నాకు మహా సంబరంగా ఉంది.

ఆవిడ మొహం చిన్నబోయింది. "బోణీ బేరం కదండీ, కాదనకూడదు. రేపూ పాత రేటుకే తెస్తాను టీచరుగారండీ" అంది.

మర్నాడు ఏడయింది, ఎనిమిదయింది. ఆవిడ జాడ లేదు. మోటారుసైకిలు మీద చేపలమ్మే అతను వచ్చి వీధంతా అమ్ముకుపోయాడు. నేను మాత్రం కొనలేదు. నా నోటి దురుసుకి రావడమే మానేసిందేమో అని ఒకటే గుబులు.

తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. మోకాళ్ళ దాకా దుమ్ము. కరిగిన ఐసు నీళ్ళు భుజం మీదుగా కారుతున్నాయి. దింపుదామని చెయ్యి వేస్తే గంప నిండుగా ఉంది.

"ఆటో ఎక్కలేదండి, నడిచే వచ్చేను. పాత రేటు గిట్టాలి కదండీ."

"దారిలో ఎవరూ అడగలేదా?"

"ఆయ్, అడిగేరండి. బోణీ మీది కదండీ, దింపలేదు."

గోనెపట్టా తీసింది. రొయ్యలు మెత్తబడిపోయాయి. ఒకటి తీసి వాసన చూసి గంపలో పడేసింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. గబగబా లోపలికెళ్ళి నూట ఇరవై తెచ్చి చేతిలో పెట్టబోయాను.

"పాడైన సరుకు మీచేత బోణీ ఎలా చేయిస్తానండీ" అని డబ్బు ముట్టుకోలేదు. పట్టా కప్పి, చుట్టకుదురు తల మీద సర్దుకుని, గంపకో చెయ్యి వెయ్యమంది.

రెండు చేతులా పట్టి ఎత్తాను.