నాలుగు వేళ్ళ ఎత్తు గరిక

నల్గొండలో ఆ వకీలు గారి బంగ్లా ముందున్న గరికను నేను ఇప్పటికీ కలలో కోస్తుంటాను. కొడవలి చప్పుడుండదు. కోసింది కోసినట్టే మళ్ళీ లేస్తుంటుంది. ఎంతకీ తెమలదు, నాకూ తెమలాలని ఉండదు.

నిజాం రాజ్యం ఇంకా గట్టిగానే ఉన్న రోజులవి. చిట్యాల పక్క పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఆయన ఆ బంగ్లాలో మాలి. వెనకాల ఒక అర్ర, అందులో మేమిద్దరం, బయట మా బర్రె. కోసిన గడ్డి అంతా దానికే.

వకీలు గారు పట్నంలో ఎవరి ఇంటి ముందో చూసొచ్చి ఆ గరిక పెట్టించారు. మేపడానికి కాకుండా ఊరికే గడ్డి పెంచుకునే వాళ్ళుంటారని అప్పటిదాకా నాకు తెలియదు. కొన్నాళ్ళు నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, అది దొరసాని కోసమని. వకీలు గారి భార్యను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. ఆమెకు కండ్లు మసకబారుతున్నాయి. పొద్దున్నే మంచు పడ్డ గరిక మీద ఉత్త కాళ్ళతో నడిస్తే చూపు నిలుస్తుందని హకీం చెప్పాడట. రోజూ తెలతెలవారుతుండగా ఆమె మెట్లు దిగొచ్చి, ముందు ఆ పచ్చదనాన్ని కండ్లనిండా చూసుకునేది. అది కనబడినంత కాలం కండ్లు ఉన్నట్టేనని ఆమె నమ్మకం. ఆ తర్వాతే కాలు పెట్టేది.

అందుకే మా ఆయన ఆ గడ్డిని కోసే తీరు వేరు. ముందు కట్టెతో నేల తట్టుకుంటూ ఒక చుట్టు తిరిగేవాడు, పురుగూ పుట్రా ఉంటే పోవాలని. తర్వాత మోకాళ్ళ మీద వంగి అరచేత్తో గడ్డినంతా తడిమేవాడు. రాళ్ళు, పల్లేరు కాయలు ఏరి ఒళ్ళో వేసుకునేవాడు. మంచు ఆరేదాకా కొడవలి ముట్టేవాడు కాదు, తడి గడ్డి మీద జారితే పిక్క తెగుతుందని. ఎక్కడ కోసినా నేల మీద నాలుగు వేళ్ళ ఎత్తు విడిచిపెట్టేవాడు. చూస్తుంటే నాకు నిద్ర వచ్చేది.

బతుకమ్మ పండుగ ముందు అతనికి చలిజ్వరం పట్టుకుంది. గొంగడి కప్పుకుని వణుకుతూనే, "గడ్డి పెరిగింది. జర నువ్వు కొయ్యి. నాలుగు వేళ్ళు విడువు, మొదలుకు పోకు" అన్నాడు.

"గడ్డి కోసుడు నువ్వు నాకు నేర్పుతవా?" అన్నాను.

మరి నేనేం తక్కువదాన్నా? తల్లిగారింట్లో అందరికంటే నా మోపే పెద్దది. మొదలు విడిచి కోసుకొస్తే మా అవ్వ, "బర్రె నోటికాడి బుక్క చెల్కల్నే విడిచొచ్చినవా?" అని తిట్టేది. నేలను గీకినట్టు కోసినదే మా దిక్కు పనిమంతురాలు.

ఆ పగలు మెత్తటి ఎండ కాసింది. గడ్డి మీద తూనీగలు తిరుగుతున్నాయి. పచ్చి వాసన తలకెక్కి, ఎక్కడున్నానో మరిచిపోయాను. మా చెలక గట్టు మీదే ఉన్నట్టు, అవ్వ వెనకనుంచి చూస్తున్నట్టు, చేతులు వాటంతట అవే ఆడాయి. పొద్దు వాలేసరికి నాలుగు మోపులయ్యాయి. బర్రె ముందు వేసి తెగ మురిసిపోయాను. వెనక్కి తిరిగి ఆ నేలను చూడనే లేదు.

తెల్లారి గంప పట్టుకుని బంగ్లా ముందుకు వెళ్ళేసరికి దొరసాని మెట్లు దిగుతోంది. అప్పుడు చూశాను. పచ్చ అన్నది లేదు. ఎండిన చొప్పలా తెల్లటి మొదళ్ళు, మధ్య మధ్య మట్టి.

ఆమె కూడా చూసింది. కండ్లు నులుముకుని మళ్ళీ చూసింది. చూసి, మెట్టు మీద కూలబడిపోయింది.

"అంతా తెల్లగ కనబడుతాంది పిల్లా. నా కండ్లు పోయినయ్."

నిజం చెప్తే మా ఆయన కొలువు పోతుంది. జ్వరం మనిషిని తీసుకుని అర్ర విడిచి ఎక్కడికి పోవాలి? చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. వకీలు గారు కచేరి పని మీద పట్నంలో ఉన్నారు. ఆయన వచ్చేలోపు గరిక చిగురిస్తుంది. ఆ క్షణమే కాళ్ళ మీద పడి చెప్పానని రాయాలని ఉంది. కానీ చెప్పలేదు. గంప ఎత్తుకుని వెనక్కి వచ్చేశాను. బర్రె తాపీగా నమలుతోంది. నామీద నాకే రోత పుట్టింది.

మళ్ళీ వెళ్ళేసరికి ఆమె అక్కడే ఉంది. ఇంకేదీ చూడటానికి ధైర్యం లేక కండ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"కండ్లు తెరువుండ్రి దొరసాని. మీ కండ్లు మంచిగున్నయ్. గడ్డే తెల్లగయ్యింది. నేనే మొదలుకంట కోసిన. మా ఇంటాయనకు ఎరుకలేదు. తప్పు నాదే."

ఆమె మెల్లగా తెరిచి తన చేతికేసి చూసుకుంది.

"గాజులు పచ్చగనే ఉన్నయే!" అంది. "నిజంగ గడ్డేనా?"

"గడ్డే దొరసాని."

నవ్వుతూనే ఏడ్చింది. గడ్డి వాసన కొట్టే నా చేతులు రెండూ పట్టుకుని ఎంతకీ విడవలేదు. నా బతుకులో ఎన్నో పనులు సరిగ్గా చేసి తిట్లు తిన్నాను. తప్పు చేసి మెప్పు పొందింది ఆ ఒక్కసారే. వకీలు గారికి మాత్రం గరికను చెదలు తిన్నాయని చెప్పిందట.

గరిక మళ్ళీ కమ్ముకుంది. అప్పటినుంచి నేనూ మా ఆయన లాగే కోశాను. మోకాళ్ళ మీద వంగి ముందు అరచేత్తో తడిమేదాన్ని. నా చేతికి గుచ్చుకోనిది ఆమె కాలికి గుచ్చుకోదు.

రెండేండ్ల తర్వాత, మళ్ళీ మంచు కాలం. గరిక నాలుగు వేళ్ళ ఎత్తున, చిలక పచ్చగా ఉంది. దొరసాని మెట్లు దిగి ఆగింది. చాలాసేపు చూసింది.

"మళ్ళ మొదలుకంట కోసినవా పిల్లా?" అని అడిగింది.

నేను గరికకేసి చూశాను.

"కోసిన దొరసాని," అన్నాను.

ఆమె కాలు కింద పెట్టింది. గరిక మెత్తగా వంగి ఆమె వేళ్ళ సందుల్లోంచి పైకి లేచింది. మంచుకు పాదం తడిసిపోయింది. నా దిక్కు చెయ్యి చాపింది.

పట్టుకుని నడిపించాను.