బాలింత కల్లు

మా వైపు బాలింతకు పాలు పడాలంటే కల్లు తాగిస్తారు. నా చెల్లెలికి మొదటి సీసా తెచ్చిచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే తప్పంతా దాని నెత్తినే రుద్దినట్టుంటుంది.

మా అమ్మ కాలంలో అది చెట్టు కల్లు. రెండు వేల సంవత్సరం దాటాక మా ఊళ్లో చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు పెరిగారు. దుకాణంలో నీళ్లకు మత్తుపొడి కలిపి కల్లని అమ్మేవాళ్లు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా బాలింతకు ఇవ్వాల్సిందేదో ఇచ్చేశామన్న తృప్తి నాది.

చెల్లెలి మొగుడు జామాయిల్ చెట్లు నరకడానికి సారపాక వైపు పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. చెల్లెలు కాన్పు నుంచీ నా దగ్గరే ఉంది. నెల తిరిగేసరికి, పొద్దున్నే సీసా పడకపోతే దాని చేతులు వణికేవి. పాప మాత్రం ఏడ్చేదే కాదు. పాలు తాగి పడుకుంటే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. చూడవచ్చిన ఆడవాళ్లు, "ఎంత బుద్ధిమంతురాలే మీ పిల్ల! మావోళ్లు ఇల్లు పీకి పందిరేసిండ్రు" అని మెచ్చుకుంటే నేను మురిసిపోయాను. తల్లి పాలలోంచి పసిదానికీ మత్తెక్కుతోందని ఒక్కరికీ తట్టలేదు. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో నెలలో పాలు తగ్గాయి. పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే చెల్లెలు పక్కనే కూర్చుని గోడ చూస్తుండేది. సీసా చప్పుడైతే మాత్రం తల తిప్పేది.

"పిల్ల ఏడుస్తుంటే వినబడ్తలేదానే?" అన్నాను.

"వినబడ్తంది అక్కా. గానీ లోపల ఏం అయితలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. సీసా గోడకేసి కొట్టి, చెల్లెల్ని గదిలోకి తోసి గొళ్లెం పెట్టాను. రెండో రోజుకు చెల్లెలికి ఫిట్స్ వచ్చాయి.

దవాఖానాలో డాక్టరు మొదట నన్నే తిట్టాడు. "గట్ల ఒక్కసారే ఆపిస్తే పాణం పోతుండెనమ్మా!" తర్వాత నెమ్మదిగా చెప్పాడు. బిడ్డ ఏడిస్తే తల్లి మెదడులో ఆరాటం పుడుతుందట, ఎత్తుకుంటే సంతోషం కలుగుతుందట. ఆ సంతోషం పుట్టే చోటును మత్తు ఆక్రమించుకుందట. "ఆమె చెడ్డది కాదు, గిది జబ్బు" అన్నాడు. నేను తలూపాను గానీ నమ్మలేదు. ఏ తల్లికైనా బిడ్డ కంటే సీసా ఎక్కువవుతుందా అని లోలోపల పళ్లు కొరుక్కున్నాను.

పాపను డబ్బాపాలతో నేనే సాకాను. చెల్లెలు కోలుకునేసరికి ఏడాది దగ్గర పట్టింది. ఒకనాడు తలస్నానం చేసి, జడ వేసుకుని వచ్చి పాప ముందు కూర్చుంది.

"రా బిడ్డా, అమ్మ దగ్గరికి రా."

చాచిన చేతులు వణకడం లేదు. డాక్టరు చెప్పిన ఆరాటం దాని మొహంలో కనిపించింది. పాప ఒకసారి చూసి, నా కొంగులో మొహం దాచుకుంది.

"ఇయ్యక్కా, ఒక్కసారి ఎత్తుకుంట" అని చెల్లెలు బతిమాలింది.

ఇవ్వాల్సింది. ఏడిస్తే ఏడవనీ అని ఆ చేతుల్లో పెట్టాల్సింది. "దానికి నువ్వు కొత్త గదనే, మెల్లగ చూద్దాంలే" అని పాపను చంకనేసుకుని బయటికి నడిచాను. వెనక చెల్లెలు ఏడుస్తోంది. నాకు వినబడుతూనే ఉంది, అయినా చంకలో పాప ఉంటే నా ప్రాణానికి హాయిగానే ఉంది.