మూడు చుట్లు బిగించిన విల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత సామాను కొట్టు ముందు నుంచి నడుస్తుంటే, స్ప్రింగు కాటా కొక్కేనికి ఇనుప ముక్కలు తగిలించినప్పుడు కిర్రుమనే చప్పుడు వినపడుతుంది. వినగానే ఒళ్లు మండుతుంది. కొట్టువాడి మీద కాదు, నా మీదే. యాదగిరి సార్ నాకు విలువిద్య మొదలుపెట్టింది అలాంటి కాటాతోనే. నల్గొండ పల్లె నుంచి వచ్చి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసేవారు, సైదాబాద్‌లో కిరాయికి ఉండేవారు. డ్యూటీ దిగాక ఎల్బీ నగర్ గ్రౌండ్‌కు వచ్చి మాలాంటి పదిమందికి బాణం వేయడం నేర్పేవారు.

నాకిచ్చింది దాత ఎవరో ఇచ్చిన కాంపౌండ్ విల్లు. రెండు కొసలకూ చక్రాలు, ఒంటినిండా ఆకుల రంగు. వేట కోసం చేసింది. నెల రోజులు నన్ను బాణం ముట్టనివ్వలేదు. కాటా కొక్కేనికి నారి తగిలించి, విల్లును ఒక్కొక్క అంగుళమే లాగుతూ, కిలోలను పౌండ్లు చేసి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి. చుక్కలు కలిపితే గీత నిటారుగా లేచేది, పైన కాసేపు చదునుగా నడిచేది, నారి చెంప దగ్గరికి వచ్చేసరికి దభాలున పడిపోయేది. అందుకే గురి చూసేటప్పుడు చేతిమీద పావు వంతు బరువే ఉంటుంది. నేను గీతలో అన్నిటికన్నా ఎత్తైన చోటు చూపించి "యాభై అయిదు పౌండ్లు సార్!" అని ఎగిరితే ఆయన విసుక్కునేవారు.

"గుట్ట ఎత్తు జూసి ఏం జేస్తవ్? గుట్ట కింద ఎంత జాగ ఉన్నదో జూడు. బాణాన్ని ఉరికించేది గదే."

గీత కిందున్న ఆ జాగాయే విల్లు దాచుకునే శక్తి అని నాకు అర్థమైంది. అర్థమైందనుకున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే బస్సులు ఆగిపోయేవి, సార్ సైదాబాద్ నుంచి నడిచే వచ్చేవారు. మాతో నేర్చుకునే సునీత వనస్థలిపురం నుంచి వచ్చేది, వాళ్లది గుంటూరు వైపు. రాష్ట్ర జట్టు ఎంపికకు రెండు రోజుల ముందు "నాది యాభై ఎనిమిది పౌండ్లు, నీదెంతే?" అని మామూలుగానే అడిగింది. నాకు నషాళానికి అంటింది. ఊరంతా నినాదాలు మోగుతుంటే, నేను ఆంధ్రా పిల్ల కంటే తక్కువా! సార్ చూడకుండా, విల్లు బరువు పెంచే బోల్టులు మూడేసి చుట్లు బిగించాను. పోటీలో అరవై దాటకూడదని తెలుసు. నెల రోజులు అంగుళం అంగుళం కొలిచినదాన్ని, ఆ పూట మాత్రం కాటా ముట్టలేదు.

ఎంపిక రోజు విళ్లు పరీక్షించే అధికారి కాటా అరవై రెండు చూపించింది. సార్ నమ్మలేదు. గ్రాఫు పుస్తకం తెరిచి, "యాభై అయిదే సార్, నేను దగ్గరుండి కొలిపిచ్చిన. మీ కాటా జర సూడుండ్రి" అని వాదించారు. అధికారి బరువురాయి తగిలించి చూపాడు. కాటా సరిగ్గానే ఉంది.

"మరెవరు బిగించారు? పిల్ల బిగించి ఉంటే ఇప్పుడే ఇంటికి పంపిస్తా."

సార్ వంగి బోల్టు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"నేనే బిగించిన సార్. పిల్లకు తెల్వదు."

అధికారి అందరి ముందూ ఆ పుస్తకాన్ని నేలకేసి కొట్టి, మళ్లీ గ్రౌండ్‌లో అడుగు పెట్టొద్దన్నాడు. అతన్ని తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను. కానీ అతనికి ఆ సందు ఇచ్చింది నేనే కదా. బోల్టులు వదులు చేసి నన్ను ఆడనిచ్చారు. జట్టులో నా పేరు వచ్చింది, సార్ గ్రౌండ్‌కు రావడం ఆగిపోయింది.

వారం తర్వాత సైదాబాద్ వెళ్లాను. సిగ్గుతో కాదు, కోపంతోనే. ఎవరడిగారు ఆయన్ని మీద వేసుకోమని! అదే అడిగాను. సార్ గడపలోనే నిలబడ్డారు.

"బోల్టు మీద పానా గీతలు కొత్తగ ఉన్నయి. చూడంగనే సమజైంది. నువ్వు నోరు తెరుస్తవేమోనని జరసేపు నీ దిక్కే జూసిన. తెరవలే."

నేనేదో అనబోయాను. "పో బిడ్డా, ఆడుకో" అని తలుపు వేసుకున్నారు. మళ్లీ ఆ తలుపు తట్టే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు ఆఫీసులో నన్ను దురుసు మనిషి అంటారు. ఒకరి తప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకోలేను, పెద్దా చిన్నా చూడకుండా అరుస్తాను. మంచిదేనని కొందరు మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకున్నకొద్దీ నాకు మంట. ఎంతమంది తరఫున ఎన్ని మాటలన్నా, ఆ రోజు గ్రౌండ్‌లో చెప్పాల్సిన "నేనే బిగించిన సార్" అన్న ఒక్క మాటకు బదులు కావు. అది కూడా ఆయనే చెప్పేశారు.