పువ్వు ఆగదన్న మామ

మా మేనమామ పోయాడు. ఆ కబురు వచ్చేసరికి నేను గద్వాలలో, నేను నర్సుగా పనిచేసే దవాఖానలో, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఒక ముసలమ్మకు పిండికట్టు వేస్తున్నాను. తోటి నర్సు ఫోను ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. "మీ మామ లేడు బిడ్డా" అంది అత్త, కర్నూలు నుంచి. తడిపిన పట్టీ నా చేతిలో ఉంది, గట్టిపడేలోగా చుట్టాలి. చుట్టాను. అంచులు సరిచేశాను. వేళ్ళు కదిలించమన్నాను. ముసలమ్మ కదిలిస్తూ నా ముఖం చూసి, "నాకేం నొప్పి లేదు బిడ్డా, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అంది.

మామది మానవపాడు దగ్గర పల్లె. సీడు పత్తి పండించేవాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. విత్తనం కోసం వేసే ఈ పత్తిలో ప్రతి మొగ్గనూ ముందురోజు చేత్తో ఒలవాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. పూత ఉన్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ సాళ్ళలో నిలబడాల్సిందే, వంగాల్సిందే. ఒక్క పూట మానితే ఆనాటి పూలు పోయినట్లే. పెళ్ళికి పిలిచినా, ఒళ్ళు కాలిపోతున్నా మామది ఒకటే మాట. "పువ్వు ఆగదు బిడ్డా, మనిషే ఆగాలె."

ఎడ్లను అమ్మేసినప్పుడు వాటి పేర్లు తన మోకాళ్ళకు పెట్టుకున్నాడు. కుడిది ఎర్రోడు, ఎడమది మచ్చోడు. లేవబోయే ముందు రెండింటినీ అరచేతులతో తట్టి "లెవ్వుర్రి" అనేవాడు. "ఇయ్యాల ఎర్రోడు మొండికేసిండు" అన్నాడంటే అత్త నీళ్ళు కాచి కాపడం పెట్టేది.

నేను నర్సింగు చదువుతానంటే మా నాయన ససేమిరా అన్నాడు. పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకునే కొలువేందన్నాడు. మామ వచ్చి గడపలోనే చతికిలబడి, "బావా, రేపు నా మోకాళ్ళెవరు చూడాలె? నువ్వు చూస్తవా?" అన్నాడు. నాయనకు నవ్వాగలేదు. మామ ఆ నవ్వు చల్లారకముందే నన్ను తీసుకెళ్ళి కాలేజీలో చేర్పించాడు. ఈ రోజు నేను తినే తిండి ఆయన పెట్టిన భిక్ష. అంతటి మనిషి చివరికి ఆ మోకాలినే నా దగ్గర దాచాడు. పోయినవాళ్ళ మీద కోపమేమిటి అంటారేమో. అనండి. నాకు కోపంగానే ఉంది.

మా వైపు సూది మీదున్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. మాత్రలు రాసి పంపితే "సూది గూడ వెయ్యలే, ఏం డాక్టరు" అంటారు. క్రాసింగ్ రోజుల్లో ఊరి ఆర్‌ఎంపీ పొద్దున్నే బండి మీద చేను గట్టుకే వస్తాడు. ఆడా మగా, మా అత్తతో సహా, వరుసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. తిన్నగా మోకాలి కీలులోకే సూది. సాయంత్రానికి నొప్పి మాయం, మనిషి మళ్ళీ సాళ్ళలో ఉంటాడు. కానీ పదే పదే వేస్తే ఆ మందే కీలును తినేస్తుంది, సూది శుభ్రంగా లేకపోతే లోపల చీము పడుతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టింది. "నీ దవాఖానకు నేను రావాలె. ఆయన నా చేను కాడికొస్తడు" అనేవాడు మామ.

ఈ ఏడు పూతకు ముందే పోట్లాడి మామను మా దవాఖానకు తీసుకొచ్చాను. మా ఎముకల డాక్టరు ఉబ్బిన ఎర్రోడిలోకి సూది గుచ్చి లాగితే గొట్టం నిండా పసుప్పచ్చని నీళ్ళు. మామ తొంగిచూసి, "ఇదేంది సారూ! నా బోరుల సుక్క లేదు, మోకాల్ల ఇన్ని ఊరుతున్నయా!" అన్నాడు. డాక్టరు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత మాత్రం గట్టిగా చెప్పారు, బయట ఎవరి చేతా ఈ మోకాలిలో సూది వేయించుకోవద్దని, కొన్నాళ్ళు కాలు వంచొద్దని. మామ దండం పెట్టాడు. కాలికి దూది చుట్టి, వెనకవైపు తడి పిండిబద్ద ఒత్తి, పైన గుడ్డపట్టీతో నేనే కట్టాను. పిండి గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుంది. "మీ అత్త కాపడం పెట్టినట్లే ఉంది" అని కళ్ళు మూసుకున్నాడు. ఆయన్ను సుఖంగా చూడటం అదే ఆఖరు.

పూత మొదలైంది, కూలీలు దొరకలేదు. మామ పట్టీ విప్పేసి, బద్దను చేనుగుడిసె చూరులో దోపి, సాళ్ళలోకి దిగాడు. ఇదంతా అత్త తర్వాత చెప్పింది. నేను ఫోను చేస్తే "కట్టు మంచిగుంది, పరేషాన్ గాకు. గట్టు మీన కూసున్న" అనేవాడు. కూర్చున్నమాట నిజమే, సూది కోసం కూర్చునేవాడు. జ్వరం పట్టుకుంది. దానికీ ఆ గట్టు మీదే మాత్రలు మింగాడు. ఆటోలో గద్వాలకు తెచ్చేసరికి నన్ను గుర్తుపట్టలేదు. డాక్టరు మళ్ళీ సూది గుచ్చారు. ఈసారి చిక్కటి చీము వచ్చింది. విషం రక్తంలోకి పాకిందని అప్పటికప్పుడే కర్నూలు పంపారు. అక్కడ కీలు తెరిచి కడిగారు. నేనూ వెంట ఉండి, కాస్త తేరుకున్నాడనిపిస్తే డ్యూటీకి వచ్చాను. ఆ పూటే అత్త ఫోను.

ఆర్‌ఎంపీ పాడె మోశాడు. కడిగి పారేద్దామని అతని ఎదురుగా పోయి నిలబడ్డాను. "నేనొద్దనే అన్న అక్కా. మామే రమ్మని పిలిచిండు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అది అబద్ధం కాదని నాకు తెలుసు. తిట్టడానికి పోయినదాన్ని తిట్టలేక వెనక్కి వచ్చాను.

దినాలయిన మర్నాడు పొద్దున నేను గద్వాలకు బయల్దేరుతున్నాను. చేనులో ఇంకా సగం పూత రావాల్సి ఉంది. ఎలాగో దొరికిన కూలి ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి అత్త కోసం చూస్తున్నారు. అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అంది. "నువ్వు సూదులేసేదానివే గద బిడ్డా. నా మోకాల్ల ఒక్కటి వెయ్యి. ఈ పంట గట్టెక్కెదాక."

"అత్తా! ఏం మాట్లాడుతున్నవ్? మామ ఎట్ల పోయిండో చూస్తివి గద!"

"చూసిన. గందుకే నిన్నడుగుతున్న. ఆ ఆర్‌ఎంపీని పిలుస్తలేను."

కీలులో సూది వేయడం నర్సు పని కాదని, నాతో దవాఖానకు రమ్మని, డాక్టరు చూస్తారని చెప్పాను. బతిమాలాను. అత్త విన్నట్లే లేదు. చీర మోకాలి పైకి జరిపి, కాలు నా ముందుకు చాపి, ముఖం గోడవైపు తిప్పుకుంది. వాకిట్లో ఆడవాళ్ళు నా చేతులకేసి చూస్తున్నారు.