మొదటి వరుసలో సీతారామపురం

ఈ రోజు ఆత్మకూరు ఆఫీసులో కూర్చుని, పైపులైను పనుల వివరాలను యాప్ నుంచి ఎక్సెల్‌లోకి దించి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెంటనే సీతారామపురం పని చేయిస్తున్న కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు.

"ఏందబ్బా, కలిగిరోళ్ళని పైనబెట్టి మా ఊరిని అడుగున పడేసినావు?"

"అది అక్షరాల వరుస అన్నా."

"అక్షరాలు నాకెందుకు? మా ఊరు పైనుండాల, అంతే!"

సరే, పెద్దమనిషి మాట కాదనడమెందుకని, బాగా ఆలస్యమైన పనులు ముందు వచ్చేలా షీటు మార్చి పంపాను. సీతారామపురం నేరుగా మొదటి వరుసకెక్కింది. ఆయన సంబరపడిపోయి, "మా ఊరే ఫస్టు" అని రాసి మరీ పై అధికారులందరికీ తనే పంపేశాడు.

పక్క కాలమ్‌లో ఏముందో ఆయనకు నేను చెప్పాలా, రేపు వాళ్ళే చెప్తారని ఊరుకోవాలా?